తగ్గిస్తేనే బరువు

మా బ్యాండులో గిటారు వాయించిన అక్కది శిడ్లఘట్ట. శబ్దం బాగాలేకపోతే ముందు ఏదో ఒకటి తగ్గించడం ఆమె అలవాటు. చింతామణిలో పోటీకి, రకరకాల గిటారు ఆంప్‌ల శబ్దాలిచ్చే చిన్న డిజిటల్ పెట్టె తెచ్చుకుంది. మొదటి పాటకే స్పీకర్లలోంచి కందిరీగల రొద వచ్చింది. జనం ఈలలు వేశారు.

"దిగండప్పా, మిగిలినోళ్ళు కాసుకోనుండారు," అంటూ నిర్వాహకుడు వేదికెక్కాడు.

డ్రమ్ముల వెనక నుంచి నేను, "గెయిన్ ఇంకా పెంచక్కా!" అని అరిచాను.

"పెంచేకొద్దీ పలచనైతాది. ఉండప్పా."

శబ్దాన్ని గరగరలాడించే ఆ గెయిన్‌ను సగానికి దించింది. ఎఫెక్టులన్నీ ఆపేసి, మధ్య స్వరాలను మాత్రం కాస్త పైకి తెచ్చింది. నిర్వాహకుడు స్పీకరు వైరు పీకేసేలోగా తీగలు మీటింది.

నా కాళ్ళ కింద చెక్కలు అదిరాయి. ఈలలు ఆగిపోయాయి. నిర్వాహకుడి చెయ్యి వైరు మీదే ఉండిపోయింది.

అక్క నా వైపు తిరిగింది. "ఇంగ కొట్టప్పా."