మల్కాపురం ఇంట్లో ఒక్క నిమిషం

పోర్టులో క్రేను ఆపరేటరుగా చేసి రిటైరైన ఒకాయన ముచ్చట రికార్డు చేయడానికి మల్కాపురం వెళ్ళిన రోజు, ఆయన భార్యను నేను మూడుసార్లు కసిరాను. గట్టిగా కాదు. "పిన్నీ, కాస్త మాట్లాడకుండా ఉండండి" అని నవ్వుతూనే. నవ్వుతూ కసరడం మా రేడియో వాళ్ళకు బాగా వచ్చు. ఆయన ఓడల గురించి చెబుతుంటే ఆవిడ గుమ్మం దగ్గర కూర్చుని, "అది ఆ ఓడ కాదు, దాని ముందల్ది" అంటూ దిద్దుతోంది. నాకు కావలసింది ఆయన గొంతు.

మా పనిలో ఒక ఆనవాయితీ ఉంది. ముచ్చట అయ్యాక అదే గదిలో అందరినీ కదలకుండా కూర్చోబెట్టి, ఒక నిమిషం నిశ్శబ్దాన్ని రికార్డు చేస్తాం. మాటలు కత్తిరించిన చోట ఉత్త ఖాళీ వదిలేస్తే వినేవాళ్ళకు రేడియో ఆగిపోయిందేమో అనిపిస్తుంది. అందుకని ఆ ఇంటి నిశ్శబ్దంలోంచి చిన్న ముక్క తీసి అక్కడ అతికిస్తాం. ఆ రోజు సరిగ్గా ఆ నిమిషానికే కరెంటు పోయి ఫ్యాను ఆగింది. నా అదృష్టానికి నేనే మురిసిపోయాను. రికార్డింగ్ ఆపేశాక ఆవిడ గుమ్మం దాకా వచ్చి ఏదో చెబుతూనే ఉంది. నేను వైర్లు చుట్టుకుంటూ, ఊఁ కొడుతూ బయటపడ్డాను.

మూడు వారాల తర్వాత ఆ ముచ్చట్ల ప్రసారం మొదలైంది. సోమవారం నుంచి శనివారం దాకా, పొద్దున్నపూట, రోజుకో పేట. సోమవారం కంచరపాలెం టైలరు మాట్లాడాడు. కార్యక్రమం అయిన పది నిమిషాలకు మల్కాపురం నుంచి ఫోన్.

"అమ్మా, ఆ టైలరు మాటాడతంటే ఎనకాల మా ఇంటిది కూకుందండి."

"పిన్ని కంచరపాలెం వెళ్ళారా బాబాయ్?"

"ఎక్కడికెల్తాది తల్లీ. అది పోయి పదారు రోజులైపోనాది."

ఏదో ఓదార్పుగా అని పెట్టేశాను. దిగులు మీద అలా అనిపిస్తుందిలే అనుకున్నాను.

మంగళవారం మళ్ళీ చేశాడు. "ఇయ్యేల సీతమ్మధార ఎల్నాది. అక్కడ మనకెవులున్నారమ్మా?" బుధవారం వన్ టౌన్‌లో తాళాలు బాగుచేసే సాయిబు గారి ముచ్చట వచ్చింది. "సాయిబు గారి కొట్లో ఉంది. దానికి ఆయాసం తగ్గనేదమ్మా, ఇనపడతంది" అన్నాడు. ఆ గొంతులో ఏడుపు లేదు. ఊరెళ్ళిన మనిషి కబురు చెబుతున్నట్టే ఉంది. నాకు అందుకే భయం వేసింది.

గురువారం ఆయన కూతురు ఫోన్ చేసింది. "నాన్న రేడియో చెవికాడెట్టుకుని కూకుంటన్నాడు మేడమ్. కూడు ముట్టడం నేదు. నాను రేడియో దాచేసినాను. సెనివారం డాక్టరుకి సూపిత్తన్నాం, మతి పోనాదని అందరూ అంతన్నారు. అందులో ఏటీ నేదని మీరొక్క మాట సెప్పండి, మీ మాటైతే ఇంటాడు."

చెబుతానని మాటిచ్చాను. ఇచ్చాను గనక, ఒకసారి విని చెబుదామని స్టూడియోలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

ముందు మంగళవారం వచ్చిన సీతమ్మధార మాస్టారి ముచ్చట పెట్టాను. ఆయన ఆ ఇంట్లో ఒంటరిగా ఉంటాడు. వంటమనిషి కూడా లేదు. వాల్యూమ్ బాగా పెంచాను. రెండు వాక్యాల మధ్య సన్నగా ఆయాసపు పిల్లికూత వినిపించింది. తర్వాత గాజులు కదిలాయి. టైలరుది పెట్టాను, సాయిబు గారిది పెట్టాను. వాళ్ళు మాట ఆపినప్పుడల్లా ఒక ఆడమనిషి వెనక కూర్చుని ఊపిరి తీస్తోంది. నా వెనక కుర్చీ ఖాళీ అని తెలిసి కూడా తిరిగి చూశాను.

నాలుగోసారి వింటే అర్థమైంది. ఒక పిల్లికూత, గాజులు రెండుసార్లు, మళ్ళీ పిల్లికూత. ఏ ఇంట్లోనైనా అదే వరస. కంచరపాలెంలో రైళ్ళు, సీతమ్మధారలో పక్కింటి మోటారు, వన్ టౌన్‌లో బళ్ళ హారన్లు. ఎక్కడా శుభ్రమైన నిమిషం దొరక్క, బద్ధకించి, అన్ని చోట్లా మల్కాపురం నిమిషాన్నే అతికించేశాను. ఏ ఇంటి నిశ్శబ్దం ఆ ఇంటికే వాడాలని కొత్తవాళ్ళకు పాఠాలు చెప్పేది నేనే. ఆ నిమిషంలో ఫ్యాను ఉందా, బండి చప్పుడు ఉందా అనే విన్నాను గానీ మనిషి ఉందని వినలేదు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

శుక్రవారం పొద్దున్నే మల్కాపురం వెళ్ళి తండ్రీకూతుళ్ళ ముందు ఉన్నదంతా చెప్పేశాను. కూతురు లోపలికెళ్ళి రేడియో తెచ్చి ఆయన పక్కన పెట్టింది. "నాన్నా, తప్పైపోనాది" అంది.

ఆయన ఆ మాట పట్టించుకోలేదు. "నాకు మతుందని నాకు తెల్సు. అది మీకాడ ఎంత ఉందో అంతా ఇనిపించు తల్లీ" అన్నాడు.

వెంట తెచ్చిన మెషీన్‌లో, కోయకముందున్న ఆ నిమిషం మొత్తం వినిపించాను. ఊపిరి, గాజులు, ఊపిరి. చిట్టచివర, నేను ఆపే బటన్ నొక్కే లోపల, ఆవిడ గొంతు ఉంది. ఎడిటింగులో మొదటి రోజే కోసి పక్కన పెట్టిన ముక్క అది.

"ఇంక మాటాడొచ్చేటి?"

"మాటాడే" అన్నాడు ఆయన వెంటనే.

మెషీన్ ఆగిపోయింది. ఆయన నా వైపు తిరిగాడు.

"అదయ్యాక గుమ్మం కాడ మీతోటి సానాసేపు మాటాడింది కదమ్మా. ఏటన్నాది?"

కూతురు లేచి ఫ్యాను కట్టేసింది, నేను చెప్పేది ఆయనకు బాగా వినపడాలని. నాకు ఒక్క ముక్క కూడా గుర్తు లేదు.