పట్టుగుడ్డలో వడగట్టిన వేర్లు

పోయిన నెల మా తమ్ముడి కూతురి నిశ్చితార్థానికని హిందూపురం నుంచి రైలెక్కి ధర్మవరం పోయానో లేదో, విస్తరి ముందు కూర్చోకముందే ఆ పాత కథ మళ్లీ చెవిన పడింది. మా తమ్ముడు పెళ్లికొడుకు తరఫు వాళ్లకు నన్ను చూపించి, మా యక్క డాక్టరేటు చేసేటప్పుడు మా యమ్మ పెళ్లిచీర చించి దాంట్లో శెనక్కాయ వేర్లు వడగట్టింది, పట్టు ఏదో వేరు ఏదో తెలీక వాళ్ల సారుకు దొరికిపోయి ఏడ్చుకుంటా ఇంటికొచ్చింది అని చెప్పాడు. అందరూ నవ్వారు. పప్పు వడ్డించే ఆమె కూడా గరిటె ఆపి నవ్వింది. శుభకార్యంలో తమ్ముడితో కొట్లాడితే బాగుండదని నేనూ నవ్వాను కానీ, ఇప్పుడు కాగితం ముందర కూర్చున్నాను కాబట్టి ఏ మొహమాటమూ లేదు. చీర చించలేదు. సారుకు దొరకలేదు. ఏడ్చిన సంగతి తర్వాత చూద్దాం.

ఆడపిల్ల ఎమ్మెస్సీ దాటి చదువుతోందంటే, ఏం చదువుతోందని కాక ఎప్పుడు అయిపోతుందని వీధంతా అడిగే రోజులవి. నా వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. నేను చదివింది వేరుశనగ వేరు గురించి. ఇంకొంచెం లోపలికి పోతే ఆ వేరు కణంలో ఉండే మైటోకాండ్రియా గురించి, మరీ లోపలికి పోతే వాటిలోని ప్రోటీన్ల గురించి. ఇది ఇంట్లో ఎలా చెప్పేది? కణమంటే ఇల్లు అనుకో, మైటోకాండ్రియా ఆ ఇంట్లో పొయ్యి, ప్రోటీన్లు ఆ పొయ్యి దగ్గర తలా ఒక పని చేసే ఆడవాళ్లు, వాన రాకపోతే ఎవరి పని పెరుగుతుందో ఎవరి పని తగ్గుతుందో చూస్తున్నానని మా అవ్వకు చెప్పాను. అవ్వ వక్క నములుతూ అంతా విని, "దానికి అంత దూరం పోయి చూసేదేముండాదే? నన్నడుగు. వాన రాకుంటే అన్ని పనులూ ఒక్కతే చేస్తాది" అంది. ఇన్నేళ్లుగా హిందూపురంలో కాలేజీ పిల్లలకు ఇదే పాఠం చెబుతున్నాను, అంత బాగా ఇంతవరకూ చెప్పలేకపోయాను.

వేర్లు పెనుకొండ దగ్గర మా మేనమామ చేనులోంచి తెచ్చేదాన్ని. కుండీల్లో పెంచినవి పనికిరావు, నిజంగా వాన కోసం ఎదురుచూసిన చేనే కావాలని మా సారు పట్టుదల. వాన లేక వాడిన చాళ్లలోంచి కొన్ని మొక్కలు, మా మామ బిందెలతో నీళ్లు మోసి పోసిన చాళ్లలోంచి కొన్ని పెరికి, వేర్లు కడిగి, మంచుముక్కలు నింపిన పెద్ద ఫ్లాస్కులో వేసుకొని బస్సెక్కితే, కండక్టరు ప్రతిసారీ ఐస్‌క్రీమేమో అని ఆశగా చూసేవాడు. వేర్లని చెబితే, "శెనక్కాయలు ఇడిసిపెట్టి వేర్లు తీసకపోతాండావా తల్లీ?" అని బస్సంతా వినపడేలా అడిగేవాడు.

విశ్వవిద్యాలయానికి చేరాక ఆ వేర్లను చల్లటి గదిలో స్వెటరు వేసుకొని నూరాలి, ఆ రసాన్ని సన్నటి గుడ్డలో వడగట్టాలి, యంత్రంలో గిర్రున తిప్పితే మైటోకాండ్రియా అడుగుకు చేరతాయి. వాటిలోని ప్రోటీన్లను తీసి పలకలాంటి జెల్లీలో పోసి కరెంటు పెడితే, బరువును బట్టి ఒక్కొక్కటీ ఒక్కోచోట ఆగుతుంది. నీలం రంగు వేస్తే గీతలు గీతలుగా కనిపిస్తాయి. మా ఐదేళ్ల బతుకు ఆ నీలం గీతల్లోనే పోయింది.

ఇప్పుడు గుడ్డ సంగతి. వడగట్టే గుడ్డ విదేశాల నుంచి రావాలి. నీళ్లు పోసిన వేర్ల పని అయ్యేసరికి ఉన్న గుడ్డ చిరిగిపోయింది. కొత్తదానికి అర్జీ పెడితే ఆ కాగితం ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి పోవడానికి నెలలు పట్టింది. ఇంట్లో ఆ మాట చెప్పుకొని తిట్టుకుంటుంటే, మగ్గం గుంటలో కూర్చున్న మా నాయనకు రోషం వచ్చింది. "గుడ్డ కోసం యాడికో రాసేదేంది పాపా, మగ్గమున్న ఇంట్లో పుట్టి?" అన్నాడు. పట్టు పోగులు జారకుండా బిగువుగా ఉంటాయని, రంగు వేయని పచ్చి పట్టుతో జానెడు గుడ్డ నేసి ఇచ్చాడు. అంత సమంగా ఉండే గుడ్డ ఏ దేశం నుంచీ రాదు, ఇప్పటికీ అదే మాట అంటాను. వాడిన వేర్లన్నీ దాంట్లోనే వడగట్టాను.

నీళ్లు తాగిన వేర్లలో లేని గీత ఒకటి వాడిన వేర్లలో కనిపించింది. సన్నగా కాదు, పంచె అంచులా. మా సారు ఆ పలకను వెలుతురుకు పట్టి చూసి, నన్ను చూసి, మళ్లీ పలకను చూశాడు. కరువును తట్టుకునే ప్రోటీను మన జిల్లా వేరులోనే దొరికిందని పక్క డిపార్టుమెంట్ల వాళ్లకు కూడా చెప్పుకొచ్చాడు. పది రోజుల్లో ఢిల్లీలో సదస్సు. సారు కొత్త సూటు కుట్టించుకున్నాడు.

ఆ మధ్యలో ఆదివారం ఇంటికి పోయాను. పెరట్లో మా నాయన పెద్ద గంగాళంలో సబ్బునీళ్లు మరిగించి పచ్చి పట్టు దారపు చిలపలు ముంచి తీస్తున్నాడు, పైన నురగ తేలుతోంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్న పనే. పట్టు మీద బంక ఉంటుందనీ, ఉడికిస్తే అది పోయి మెత్తబడుతుందనీ మా వీధిలో ఐదేళ్ల పిల్లకు కూడా తెలుసు. ఆ బంక ప్రోటీను అని నాకూ తెలుసు, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఇంట్లో తెలిసింది ఇంట్లోనే, చదువులో తెలిసింది చదువులోనే ఉండిపోయాయి. ఆ పొద్దు గంగాళం ముందర రెండూ ఒక్కసారి కలిసేసరికి అక్కడే నిలబడిపోయాను.

"ఏం పాపా, అట్ల నిలబడితివి?" అన్నాడు నాయన.

చెప్పాను. ఆ గీత వేరుది కాదేమో, నువ్విచ్చిన గుడ్డలోని బంకదేమో అన్నాను. ఆయన కర్రతో చిలప తిప్పుతూ, "ముందే నన్నడిగుంటే ఉడకబెట్టి ఇస్తాంటి కదా. వేర్ల రసానికీ పట్టు బంకకూ ఏం పడదో నాకేం తెలుసు?" అన్నాడు.

మరునాడు వేరన్నదే లేకుండా, నూరేటప్పుడు పోసే ఉత్త ద్రావణాన్ని ఆ గుడ్డలో వడగట్టి జెల్లీలో నడిపాను. ఆ గీత వచ్చి అదే చోట నిలబడింది. అది కరువుది కాదు, ధర్మవరానిది.

ఇక్కడే నా కథకూ మా తమ్ముడి కథకూ తేడా. ఆ రెండో పలక సంగతి విశ్వవిద్యాలయంలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. నోరు మూసుకొని ఉంటే నా డాక్టరేటు ఆ ఏడే చేతికొచ్చేది. చెబితే మళ్లీ వాన కోసం, మళ్లీ చేను వాడేదాకా, అంటే ఇంకో ఏడు. నేను రెండు పలకలూ తీసుకుపోయి సారు బల్ల మీద పెట్టాను. ఆయన రెండూ పక్కపక్కన పెట్టి చూసి, సదస్సులో చెప్పేద్దాం, తర్వాత సవరించుకుందాం అన్నాడు. కుదరదన్నాను. గంటసేపు వాదించుకున్నాం. చివరకు ఆయన గొంతు తగ్గించి, "ఇది ఇంకెవరికైనా చెప్పినావా?" అని అడిగాడు.

"మా నాయనకు చెప్పినాను సార్."

"ఆయనేమన్నాడు?"

"ముందే అడిగుంటే ఉడకబెట్టి ఇస్తాంటి అన్నాడు సార్."

సారు నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేక కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ సదస్సుకు పోలేదు. సూటు మాత్రం నా పట్టా రోజు వేసుకొచ్చాడు, అప్పటికి బొత్తాలు పట్టలేదు.

ఏడ్చిన సంగతి చెబుతానన్నాను కదా. ఏడ్చాను, కానీ సారు దగ్గర కాదు. మరుసటి ఏడు చేను వాడేనాటికి, పుట్టి బుద్ధెరిగి పట్టు తప్ప ముట్టని మా నాయన బజారుకు పోయి నూలుగుడ్డ కొని, మూడుసార్లు ఉడకబెట్టి, ఉతికి ఆరేసి, మడిచి నా సంచిలో పెట్టాడు. అప్పుడు ఏడ్చాను. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, మా తమ్ముడికి తెలియదు.

ఇప్పుడు మా వీధిలో మగ్గం గుంటలు పూడ్చి బండలు పరిచేశారు. ఇప్పటి పిల్లలు వేరు రసాన్ని చిన్న గొట్టంలో బెంగళూరుకు పంపితే, ఇది వేరుది, ఇది పట్టుది, ఇది నీ తలవెంట్రుకది అని యంత్రమే ఏరి కంప్యూటరుకు పంపుతుంది. వాళ్లకు పెరట్లో నిలబడిపోయే పని లేదు. అది మంచిదో కాదో తేల్చుకోలేక వాళ్లతో వాదిస్తూ ఉంటాను.

కానీ ఒకటుంది. ఆ నూలుగుడ్డతో వడగట్టిన ఏడు, పంచె అంచులాంటి గీత పోయిన పలక మీద, కిందుగా, ఇంకో గీత కనిపించింది. వెంట్రుక మందాన. నీళ్లు తాగిన వేర్లలో లేదు, వాడిన వేర్లలోనే ఉంది. ఈసారి అన్నిటికీ ఒకే గుడ్డ. నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ వచ్చింది. అదేమిటో చదివే యంత్రం అప్పుడు మాకు లేదు, గుర్తించవలసి ఉందని ఒక్క వాక్యం రాసి థీసిస్ ముగించాను. ఆ వేర్లు లేవు, మామ చేను ఇప్పుడు ఇళ్ల స్థలాలైంది. అబద్ధపు గీత గురించి ప్రతి పెళ్లిలోనూ చెప్పుకొని నవ్వుతారు, నిజం గీత గురించి ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నేనే అడుగుతున్నాను: వాన రాని ఏడు, ఆ వేరు లోపల, ఆ పొయ్యి దగ్గర, అంత సన్నగా నిలబడి పని చేసింది ఎవరు?