మత్తు డాక్టరు ఉఖా

మస్కట్‌కు దూరంగా, ఎడారిలో దుక్మ్ అనే ఊరు దాటాక తీరం వెంట ఉంది ఆ సైనిక క్యాంపు. ట్రక్కు దిగేసరికి మిట్టమధ్యాహ్నం, ఇసుకగాలి. ఆపరేషన్ గది ఒకటి, రేకుల వార్డు ఒకటి, నీళ్లు ట్యాంకరులో. మన సైన్యంలో నర్సింగ్ ఆఫీసరుగా చేసి బయటికొచ్చాక, తొంభైల్లో అక్కడ కాంట్రాక్టుకు కుదిరాను. యుద్ధం చూశావా అని అడుగుతారు మనవాళ్లు. చూడలేదు. బోల్తాపడ్డ ట్రక్కులు, విరిగిన కాళ్లు, వడదెబ్బలు చూశాను. అవి చాలవా?

మా మత్తు డాక్టరు గలీనా రష్యా మనిషి. ఆ చలికాలం ఆమె తల్లి పోయింది. కబురు అందేసరికి పూడ్చిపెట్టడం కూడా అయిపోయింది. గలీనా మంచం దిగలేదు. టీ తప్ప ఏదీ ముట్టలేదు. మస్కట్ నుంచి కమాండెంట్ వైర్‌లెస్‌లో తేల్చేశాడు.

"శనివారం డ్యూటీకి రావాలి. లేదంటే కాంట్రాక్టు రద్దు. ఓవర్."

"ఏడవడానికైనా సెలవుండదా సార్? ఓవర్" అన్నాను నేను.

అటువైపు సెట్టు కట్టేశాడు. గలీనాను పంపేస్తే ఎక్కడికి పోతుంది? రష్యాలో ఆమెకున్నదల్లా ఆ తల్లే.

వాళ్లమ్మ కాచే చేపల చారు, ఉఖా, గురించి గలీనా ఎప్పుడూ చెప్పేది. తేటగా ఉండాలట. శుక్రవారం నా రూములో స్టవ్ వెలిగించాను. బంగాళాదుంప, ఉల్లి, మిరియాలు, బిర్యానీ ఆకు. హమూర్ చేపను మెస్ కుక్ ఖాదర్, కడప మనిషి, కోసి కడిగిచ్చాడు. ఉడికాక చూస్తే గిన్నెంతా పచ్చగా ఉంది.

"ఖాదర్ భాయ్, పసుపేశావా?"

"కడిగేటప్పుడు పట్టించినాక్కా. లేకపోతే నీసు కొట్టదా? ఉత్త నీళ్లతో కడిగితే మా అమ్మీ ఇంట్లోకే రానీదు."

"తినేది మీ అమ్మీ కాదయ్యా!"

మళ్లీ కాచే ఓపిక లేదు. అదే పట్టుకెళ్లాను. గలీనా గిన్నెలోకి చూసింది. ఇన్నాళ్లకు ఆ ముఖంలోకి కాస్త రక్తం వచ్చింది. కోపంతో.

"ఇది ఉఖా కాదు. కూర."

"అయితే లేచి నువ్వే కాచుకో. నేనేం నీ వంటమనిషినా?"

లేచింది. గోడ పట్టుకుని నా రూముకొచ్చింది. ఖాదర్ పసుపు తగలని చేప ఇంకోటి తెచ్చాడు. ఆమె నిలబడి నురగ తీసింది. మూత పెట్టనివ్వలేదు, గరిటె తిప్పనివ్వలేదు. చివర్లో బయటికెళ్లి, కాపలావాళ్లు టీ కాచుకునే నెగడులోంచి మండే కట్టె తెచ్చి చారులో ముంచింది. చుయ్యిమంది.

"చూస్తిరా అక్కా! నేను పసుపు పట్టిస్తే తప్పంట. ఈయమ్మ కొరివి ముంచితే తప్పు లేదంట!"

గలీనాకు తెలుగు రాదు. అయినా నవ్వింది.

"అమ్మ ఏటి ఒడ్డున ఇలాగే చేసేది" అంది. రెండు గిన్నెలు తాగింది. నాకు మాత్రం పొగ తప్ప రుచేమీ తెలియలేదు. ఆ మాట ఆమెతోనే అన్నాను.

శనివారం డ్యూటీకి వచ్చింది. వచ్చీ రాగానే సూది పట్టింది.

కాంట్రాక్టు ముగిశాక కాకినాడ వచ్చేశాను. ఆ ఎండలు, ఆ ఆపరేషన్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఒక్కటి మాత్రం పోదు. తల్లి మీద గుప్పెడు మట్టి వేయలేకపోయిన కూతురు, గాలికి ఆరిపోకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, మండే కట్టెతో ఇసుకలో నడిచి వస్తూ ఉంటుంది.