గౌరి ఒడ్డుకు రావడం నేర్చుకున్న ఏడాది

నిన్న పొద్దున మా అమ్మాయి ఎర్ర సముద్రం నుంచి ఫోనులో ఒక వీడియో పంపింది. అల్లుడూ, ఇద్దరు మనవలూ నారింజ రంగు లైఫ్ జాకెట్లు తొడుక్కుని నీళ్ళలో తేలుతుంటే, వాళ్ళ కింద ఒక సముద్రపు ఆవు తన మానాన తాను గడ్డి మేస్తోంది, ముట్టుకోవద్దని గైడు పదేపదే చెయ్యి ఊపుతున్నాడు. మన గౌరికి చుట్టమే అయ్యుంటుంది నాన్నా, అని కింద రాసింది. అది చదివాక నాకు కాఫీ సహించలేదు.

కువైటు సరిహద్దున ఖఫ్జీలో నేను చమురు బావుల మీద ఇంజనీరుగా ఉన్న రోజులవి. మీలో గల్ఫు నీళ్ళు తాగినవాళ్ళకు తెలుసు, ఫ్యామిలీ వీసా చేతికొచ్చిన రోజు మనకు పండగ. మా ఆవిడా, ఆరేళ్ళ అమ్మాయీ వచ్చిన ఆ చలికాలం, శుక్రవారాల్లో కుటుంబాలను పడవ మీద తిప్పే ఒక ముసలి నాఖుదా, మన సరంగు లాంటివాడు, మమ్మల్ని గడ్డి పెరిగే లోతు తక్కువ నీళ్ళకు తీసుకెళ్ళాడు. అక్కడ తల్లి సముద్రపు ఆవు వెంట ఒక దూడ, తోక మీద తెల్లటి మచ్చతో. దాని పక్కనే ముగ్గురం ఈదాం. ఈదాం అంటే, అమ్మాయిని వీపున వేసుకుని నేను ఈదాను, మా ఆవిడ చీర కుచ్చిళ్ళు దోపుకుని నా భుజం పట్టుకు తేలింది.

ఆవు అన్నాక మా ఆవిడ ఊరుకుంటుందా. వీపు తాకి కళ్ళకద్దుకుంది, గౌరి అని పేరు పెట్టింది, పై శుక్రవారం నుంచి ఆకుకూర కట్టలు తెచ్చి, కుడితి తొట్టి మీద కొట్టి ఆవును పిలిచినట్టు పడవ అంచున స్టీలు గిన్నె మోగించడం మొదలుపెట్టింది. "ఖానా మత్ దో బహెన్, ఆదత్ పడ్ జాయేగీ" అని, తిండి పెట్టొద్దు, అలవాటైతే ఒడ్డుకొచ్చేస్తుందని, ఒకప్పుడు బొంబాయి తిరిగిన ఆ నాఖుదా తనకొచ్చిన హిందీలో మొత్తుకున్నాడు. గోవుకు గ్రాసం పెడితే పాపమా అంది మా ఆవిడ, నేను నవ్వాను. ఎండలు ముదిరేసరికి గౌరి గిన్నె చప్పుడు వింటే తల్లిని వదిలి రేవు మెట్ల దాకా వచ్చేది. చదువుకున్నవాణ్ణి, నాకైనా బుద్ధి ఉండాల్సింది.

ఆ ఎండల్లోనే కువైటు యుద్ధం వచ్చిపడింది. వాళ్ళిద్దరినీ ఇంటికి పంపేశాను, కొన్నాళ్ళకు ఊరే ఖాళీ అయింది. అంతా ముగిశాక తిరిగి డ్యూటీకి వెళ్తే, యుద్ధంలో ఒలికిన చమురుతో సముద్రం తారులా ఉంది, ఒడ్డు శుభ్రం చేసేవాళ్ళతో నన్నూ వేశారు. మూడో రోజు రేవు మెట్ల కింద, నూనెలో కూరుకుపోయి చచ్చిన దూడ ఒకటి కనిపించింది. గుడ్డతో తోక తుడిచి చూశాను, మచ్చ ఉంది. మిగతావి లోతుకు పోయి బతికాయో లేదో తెలియదు, ఇది మాత్రం మా గిన్నెను వెతుక్కుంటూ వచ్చింది. పక్కనే నిలబడ్డ నాఖుదా నా చేతిలో గుడ్డ తీసుకుని దాని ముఖం తుడిచాడు. తిట్టినా బాగుండేది.

గౌరి తల్లితో కలిసి దూరం వెళ్ళిపోయిందని, ఉత్తరం బదులు కాసెట్టులో చెప్పి ఇంటికి పంపాను. మా ఆవిడ పోయిన ఏడాది అది నమ్ముతూనే కన్నుమూసింది. అమ్మాయి ఇంకా నమ్ముతూనే ఉంది, ఈ వయసులో ఆ అబద్ధం విప్పే ధైర్యం నాకు లేదు.

ఇప్పుడు కాలం మారింది, ఎంత ఎడంగా ఉండాలో పడవెక్కక ముందే చెబుతారట, పిల్లలు కూడా బుద్ధిగా వింటారట. మాకూ నాఖుదా చెప్పాడు. ఆ వీడియో నాలుగుసార్లు చూశాను గానీ మనవల ముఖాలు ఒక్కసారీ చూడలేదు, వాళ్ళ చేతులే చూస్తూ కూర్చున్నాను.