మా గదిలో అమెరికా ప్రెసిడెంటు

దోహాలో, అల్ తుమామాలో ఉండే మా అమ్మాయి ఇంటికి వచ్చి నెల రోజులైంది. మొన్న టీవీలో నలుగురు పెద్దమనుషులు కూర్చుని, నలభై ఏళ్ళ కిందట జనం ఒక్క విడతకే ఇంటికి పంపేసిన ఒక అమెరికా ప్రెసిడెంటును లోకం సరిగ్గా అర్థం చేసుకోలేదని తెగ బాధపడుతున్నారు. తెరమీది ముఖం చూసి లేచి కూర్చున్నాను. "నాయనా, గీయన నీకు ఎరికేనా?" అంది అమ్మాయి. "ఎరికే. మా గదిల ఉంటుండె," అన్నాను.

అబద్ధం కాదు. చమురు ధర ఆకాశంలో ఉండి, దోహాలో ఏ వైపు చూసినా పునాదులు తవ్వుతున్న కాలం. ముఐథర్ దగ్గర మా కంపెనీ క్యాంప్. గదికి ఎనిమిది మందిమి, ఆయనతో తొమ్మిది. మిగతా మంచాల పైన దేవుళ్ళూ సినిమా తారలూ ఉండేవారు. మా మేనమామ మంచం పైన మాత్రం, ఇంజనీరు పారేసిన ఇంగ్లీషు పేపర్లోంచి చింపి అన్నం మెతుకులతో అంటించిన ఈయన బొమ్మ, పళ్ళన్నీ కనిపించే నవ్వుతో. ఇద్దరూ ఎదురుపడితే ఒక్క ముక్క మాట్లాడుకోలేరు. కానీ ఇద్దరూ పల్లికాయ రైతులు. మామకు ఆ చుట్టరికం చాలు. పేపరు చదివి చెప్పేది మా గదిలోని హైదరాబాదీ డ్రైవర్ భాయ్. పెట్రోలు తక్కువ కాల్చమని, చలికాలం ఇళ్ళలో వేడి తగ్గించుకోమని ఈయన తన జనాన్ని బతిమాలుతున్నాడని భాయ్ చదివిన రోజు నుంచి, మామ డ్యూటీకి పోతూ గదిలో ఏసీ ఆపడం మొదలుపెట్టాడు. కరెంటు కంపెనీది, చెమట మాది. సాయంత్రం తలుపు తీస్తే ఇటుకబట్టీ ఎదురొచ్చి స్వాగతం చెప్పేది.

చెమటైనా భరించేవాళ్ళమే, భయం వేరే. "మామూ, ఆ మనిషి మాట జనం వింటే పెట్రోలుకు ధర ఉండదు. ధర లేకుంటే సైట్ మాఫీ, డ్యూటీ మాఫీ, మన ఫులూస్ భీ మాఫీ. దుష్మన్‌ను తెచ్చి గోడకు పెట్టుకున్నవ్," అనేవాడు భాయ్. గల్ఫ్ అరబ్బీలో మాఫీ అంటే లేదు, ఫులూస్ అంటే పైసలు. తర్కంలో తప్పేమీ లేదు.

ప్రెసిడెంటు ఎన్నికలో ఓడిపోయాడని తెలిసిన శుక్రవారం, భోజనాలయ్యాక మేమూ ఎన్నిక పెట్టాం. పప్పా, కోడికూరా అన్నదాకా మా గదిలో చేతులెత్తే తేల్చేవాళ్ళం. ఈసారి ప్రశ్న, బొమ్మ ఉండాలా, పోవాలా? "అది పోతే నేను గూడ పోత," అన్నాడు మామ. ఎవరూ నవ్వలేదు. నవ్వు లేని గదిలో నాకు ఊపిరాడేది కాదు ఆ వయసులో.

"కరువొచ్చిన ఏడు విత్తనం పల్లికాయ అటుక మీద దాసి, సచ్చినా తినొద్దన్న," అన్నాడు మామ. "అన్నదమ్ములు పిసినారోడని తిట్టి వేరువడ్డరు. వాన వడ్డంక మా చెల్క ఒక్కటే పచ్చగైంది. ఎవడన్న వచ్చి మంచి పని జేసినవన్నడా? విత్తనం తినొద్దన్నోన్ని ఎవ్వడు మెచ్చడురా. గీయన గదే జెప్పిండు. ఓడిండు. అయితేంది?"

తీసేయాలని నాలుగు చేతులు లేచాయి. మామతో కలిపి ముగ్గురు వద్దన్నారు. సమానమైతే బొమ్మ ఉంటుంది. మిగిలింది నేను. మామ నా వైపు చూడనైనా లేదు. మేనల్లుడి చెయ్యి ఎక్కడికి పోతుందని ధీమా. "ఇన్ని దినాలాయె, ఒక్కనాడన్న వంట వంతు జేసిండా మామా, ఈయన?" అంటూ చెయ్యెత్తాను. గది గొల్లున నవ్వింది.

మామ తడిబట్టతో అంచులు నానబెట్టి, బొమ్మ చిరగకుండా ఊడదీసి, పరుపు చుట్టుకుని పక్క వరసలో ఇంకో గదికి వెళ్ళిపోయాడు. అక్కడ మళ్ళీ అంటించాడట. అప్పటిదాకా నన్ను "అల్లుడా" అన్నవాడు, తరువాత సైట్‌లో ఎదురైతే "తమ్మీ, జర జరుగు" అనేవాడు, దారిన పోయేవాడితో అన్నట్టు. మామ దేశం వదిలి ఇంటికి వెళ్ళిపోయిన రోజు కూడా నేను తమ్మీనే. ఇప్పుడు పిలిచేందుకు ఆయన లేడు.

టీవీలో పెద్దమనుషుల పశ్చాత్తాపం ఇంకా పూర్తికాలేదు. లేచి వెళ్ళి, ఎవరూ లేని పడకగదిలో గుర్రుమంటున్న ఏసీ ఆపాను. "ఎందుకు బంద్ జేసినవ్ నాయనా? కరెంటు బిల్లు నీ అల్లుని కంపెనీనే గడతది," అంది అమ్మాయి.

"కట్టనీ. నేను మల్ల ఏసీ పెట్ట. ఈ విషయంల ఓటింగ్ లేదు," అన్నాను.

నలభై ఏళ్ళకైనా లోకం తానెత్తిన చెయ్యి దించుకుంది. నాది మాత్రం ఆ శుక్రవారంలోనే, పైకి లేచి, అలాగే ఉండిపోయింది.