పది రోజుల బదులు

మంగళవారం. ఐదింటికి వాకిలి ఊడ్చి చల్లాను. రాత్రే నానబోసిన పప్పు ఆరింటికి రుబ్బాను. ఎనిమిదిలోపు అన్నం, పచ్చిపులుసు, గారెలు అయ్యాయి. తొమ్మిదింటికి విస్తర్లు కడిగి ఆరబెట్టాను. ఇవన్నీ మా ఇంట్లో చేసిన పనులు కావు, పక్క క్వార్టర్‌లో చేసినవి. ఆ ఇంటి అక్క పోయి ఇవాళ్టికి పది రోజులు.

భూపాలపల్లిలో మా రెండు ఇళ్లకు మధ్య ఒకటే గోడ. బొగ్గుగనిని ఇక్కడ అందరం బాయి అంటాం. ఆమె భర్త, మా ఆయన ఒకే బాయిలో పనిచేశారు. అక్క పుట్టిల్లు నర్మెట్ట దగ్గర. అక్కడ నాట్లప్పుడు ఒకరి పొలానికి ఒకరు బదులు పోతారు. నీ మడిలో నేను రెండు రోజులు వంగితే, నా మడిలో నువ్వు రెండు రోజులు. కూలి ఉండదు. ఆ అలవాటును అక్క క్వార్టర్లకు తెచ్చింది. మామిడికాయలు కొట్టినా, బొంతలు ఉతికినా బదులే. లెక్క తప్పితే నాకు నిద్ర పట్టదు కాబట్టి మా ఇద్దరికీ బాగా కుదిరింది.

మా ఆయన రిటైరైనాక చెక్ దేశంలోని కార్లోవీ వారీకి పోదామన్నాడు. వేడినీటి ఊటలున్న పాత ఊరు. బతుకంతా భూమి లోపలి నల్లనీళ్లలో నడిచిన మనిషికి, జనం రోగాలు తగ్గాలని వెతుక్కుంటూ పోయే నీళ్లు చూడాలనిపించింది. నేను కుదరదన్నాను. అత్తమ్మ ఆరేళ్లుగా మంచంలో ఉంది, ఒక్క రాత్రి కూడా విడిచి ఉండలేదు. గోడ అవతల నుంచి అక్క విన్నది.

"పది రోజులే గదా. నేను బదులొస్త. నాకు అక్కెర పడ్డప్పుడు నువ్వు తీర్చు."

మందుల వేళలు, పక్క మార్చే వేళలు, జావ కొలత నాలుగు పేజీలు రాసి ఇచ్చి వెళ్లాను.

అక్కడ వరుస స్తంభాల మంటపాల కింద మనుషులు చిన్న పింగాణీ కప్పులతో మెల్లగా నడుస్తుంటారు. కప్పు పిడే బోలుగా ఉన్న కొమ్ము, దాంతోనే నీళ్లు పీల్చాలి. ఒక్కో ఊటకు ఒక్కో వేడి. అన్నీ రాసుకున్నాను. మా ఆయన ఒక గుక్క తాగి, ఇవి మన బాయి నీళ్లే, వీళ్లు కప్పులు కొని తాగుతున్నారని నవ్వాడు. నాకు రుచి తెలియలేదు. రోజుకు మూడుసార్లు ఇంటికి ఫోన్ చేస్తూనే ఉన్నాను. నాలుగో రోజు అక్కకు విసుగొచ్చింది.

"ఇక్కడ నేనున్న గదనే. నువ్వు అక్కడ ఉండు."

ఫోన్ సంచిలో పెట్టేశాను. ఆ మధ్యాహ్నం నది పక్క బెంచీ మీద, ఎండలో, ఉప్పగా ఉన్న వేడినీళ్లు చప్పరిస్తూ ఇద్దరం చాలాసేపు కూర్చున్నాం. పెళ్లయినాక ఆయన పక్కన ఏ పనీ లేకుండా కూర్చోవడం అదే మొదలు. ఆ పూటను అక్కే ఇచ్చింది. దాన్ని ఏ పద్దులో రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

తిరిగొచ్చేసరికి నా నాలుగు పేజీలు ఊగే మంచంకోడు కింద మడత పెట్టి ఉన్నాయి. అత్తమ్మ ముఖం నిగనిగలాడుతోంది. నన్ను చూసి, "అప్పుడే వచ్చినవా?" అంది.

అక్కకు ఒక కప్పు తెచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, అంత దూరం పోయి ఉగ్గుగిన్నె తెచ్చినవా అని కడుపుబ్బ నవ్వి, టీవీ మీద పెట్టుకుంది.

మరుసటేడు అత్తమ్మ పోయింది. నేను బాకీపడ్డ పది రోజులు ఎప్పుడు తీసుకుంటావని అక్కను అడిగితే, తొందరేంది ఉండనీ అనేది. ఈ చలికాలం దవాఖానలో పడింది. రాత్రుళ్లు మహబూబాబాద్ నుంచి వచ్చిన ఆమె బిడ్డ ఉండేది. పగళ్లు నావి. గ్లాసుతో పోస్తే నీళ్లు మెడ మీదికి కారిపోతున్నాయి. మూడో రోజు ఆ కప్పు గుర్తొచ్చి తీసుకుపోయాను. కొమ్ముతో పోస్తే చుక్కచుక్కగా జావ దిగింది. అక్క కప్పును, నన్ను మార్చి మార్చి చూసి కళ్లతోనే నవ్వింది.

తొమ్మిదో సాయంత్రం, "ఎన్నాయె?" అని అడిగింది.

"తొమ్మిది అక్కా."

"ఇంకొకటున్నది. మరువకు."

నేను మర్నాడు చేరేసరికి పోయింది.

ఇవాళ అక్క పేర పిట్టకు పెట్టినప్పుడు విస్తరి పక్కన ఆ కప్పులో చాయ పోసి గోడ మీద ఉంచాం, మా రెండిళ్ల మధ్య గోడ మీదే. కాకి వచ్చి కొమ్ము వైపు చూడనే లేదు, నేరుగా కప్పులో ముక్కు ముంచింది. అక్క బిడ్డ, నేను ఏడుస్తూనే నవ్వాం. అంట్లు తోమి, కప్పు కడిగి, టీవీ మీద బోర్లించి, పొద్దు గూకినాక ఇంటికి వచ్చి లెక్కల పుస్తకం తీశాను.

అక్కకు ఇవ్వాల్సినవి పది రోజులు. దవాఖానలో తొమ్మిది. ఇవాళ ఒకటి. చెల్లు.