తిరిగి చేయని ఫోన్

ఆ గదిలో ఉన్నవాళ్లు: నెల్లూరు ఖాదర్, గుంటూరు విజయ్, నేను. ఉన్నవి: మూడు ఇనుప మంచాలు, మూలుగుతూ నడిచే ఏసీ, ఖాదర్ వండిన బిర్యానీ గిన్నె, నేల మీద క్యారమ్ బోర్డు, మర్నాటి ఆరాధన కోసం నేను ఇస్త్రీ చేసి తగిలించుకున్న తెల్ల చొక్కా. బోర్డు అంచున నా ఫోన్.

మూడేళ్లుగా ఈ జాబితాను మోస్తున్నాను. ప్రార్థనకు కళ్లు మూసుకుంటే ముందుగా వచ్చేది ఇదే. దేవుడికి చాలాసార్లు చెప్పుకున్నాను. మనిషికి చెప్పడం ఇదే మొదలు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. మీరు మనిషి, నాకు అది చాలు.

నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్లొమా చదివాను. ఊరు గోదావరి వైపు. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఒక ఫ్యాక్టరీలో ప్రెషర్ గేజీలు, థర్మామీటర్లు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో పరీక్షించడం నా పని. సరిచేయగలిగినదాన్ని సరిచేస్తాం. సరికాని దానికి, అది ఎంత తప్పు చూపిస్తోందో చీటీ మీద రాసి అతికిస్తాం, చదివేవాడు మోసపోకూడదు కదా. ఉండేది సత్వా అనే పాత పేటలో, పైన చెప్పిన గదిలోనే. శుక్రవారం సెలవు. ఉదయం తెలుగు క్రైస్తవుల సహవాసానికి వెళ్లేవాణ్ణి.

మల్లేశన్న పరిచయమైంది అక్కడే. జగిత్యాల వైపు పల్లెటూరు. నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. మా ఫ్యాక్టరీ వెనక క్యాంపులో ఉంటూ భవనాలకు స్టీలు, అంటే స్లాబు చువ్వలు, కట్టేవాడు. తాగుడు మానాలని వచ్చాడు. ఎవరో పాటలు బాగుంటాయన్నారట, వెనక కుర్చీలో కూర్చుని విన్నాడు, మరుసటి వారం మళ్లీ వచ్చాడు. పగలు పనిలో పడితే ఏమీ అనిపించదట. గురువారం సాయంత్రం క్యాంపులో పక్క గదివాళ్లు సీసా తీసి తలుపు వేసుకుంటారు చూడండి, అప్పుడు గుంజుతుందట. ఆయన మాటే అది, గుంజడం.

దారి నేనే కనిపెట్టాను. గుంజినప్పుడు నాకు మిస్డ్ కాల్ ఇవ్వమన్నాను. నేను ఎత్తను. ఎత్తితే ఆయన కార్డులో డబ్బు పోతుంది. కట్ చేసి నేనే చేస్తాను. ఇక్కడ అందరం చేసే పనే ఇది. బయల్దేరానని ఒక మిస్డ్ కాల్, చేరానని ఒకటి, గుర్తొచ్చావని ఒకటి. మేం దాన్ని ప్రార్థనకు వాడుకున్నాం. నాలుగు నెలలు అది పనిచేసింది. నేను చేస్తే ఆయన క్యాంపు గోడ వెంట నడుస్తూ మాట్లాడేవాడు. నేను ప్రార్థన చేసేవాణ్ణి. ఒక్కోసారి ప్రార్థన అయ్యాక కూడా పెట్టేవాడు కాదు, ఇంటి దగ్గరి బర్రె ఈనిందనో, కొడుకు సైకిల్ అడుగుతున్నాడనో చెప్పేవాడు. వెనకాల మసీదు నుంచి అజాన్ వినిపించేది. కాసేపటికి, "పోయింది తమ్మీ, ఇగ పండుకుంట," అని పెట్టేసేవాడు.

ఈ ఏర్పాటు గురించి నేను సహవాసంలో నిలబడి అందరికీ చెప్పాను. పెద్దలు మెచ్చుకున్నారు. మెచ్చుకోవాలనే చెప్పానా? అవును.

ఇంకొకటి కూడా చెప్పాలి. నేను పుట్టింది సంఘంలోనే. ఆదివారపు బడిలో బహుమతులు నావే. ఇక్కడ ఎన్నోసార్లు సాక్ష్యం, అంటే దేవుడు నాకు చేసిన మేలు, నిలబడి చెప్పాను, వరుస తప్పకుండా, మొదలూ చివరా సరిచూసుకుని. ఒక్కరి కంట కూడా తడి చూడలేదు. ఒక శుక్రవారం మల్లేశన్నను చెప్పమంటే లేచి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కుర్చీ పట్టుకుని, నాలుగు మాటలు చెప్పి కూర్చున్నాడు. హాలంతా ఏడ్చింది. నేను ఏడవలేదు. ఆయన బాప్తిస్మానికి రోజు నిర్ణయించినప్పుడు అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది మాత్రం నేనే.

ఆ బాప్తిస్మం రేపనగా, గురువారం సాయంత్రం. క్యారమ్ ఆడుతున్నాం. నేను అప్పుడే రెడ్ వేశాను, అది దక్కాలంటే వెంటనే ఇంకో కాయిన్, ఫాలో, వేయాలి. ఫోన్ మోగి ఆగింది.

విజయ్ ఫోన్ వైపు చూశాడు. "అదిగో, పాస్టర్ గారి గొర్రె అరుస్తంది."

"ఉండ్రా," అన్నాడు ఖాదర్. "రెడ్డేసి ఫాలో ఎయ్యకుండా లేస్తాడా? దేవుడు యాడికీ పోడులే."

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. మళ్లీ మోగింది. ఫోన్ సైలెంట్‌లో పెట్టి బోర్లించాను. ఫాలో వేశాను. పడింది.

ఆ తర్వాత లేవవచ్చు. లేవలేదు. ఇంకో ఆట వేశాం. ఫోన్ బోర్లా ఉన్నా, దాని అంచు వెంట వెలుతురు వచ్చి పోవడం నాకు కనిపిస్తూనే ఉంది. ఎందుకు లేవలేదని నన్ను నేనే ఎన్నో విధాల అడుగుతూ వచ్చాను. వాళ్ల నవ్వుకు సిగ్గుపడ్డానా? కొంత. వారం వారం ఆయన్ను మోయడం విసుగొచ్చిందా? కొంత. ఒక్కసారి పడితే హాలు ముందు ఆయన కూడా నాలాగే మామూలు మనిషవుతాడని అనుకున్నానా? ఆ క్షణంలో అనుకున్నట్టు గుర్తు లేదు. అనుకోలేదని ప్రమాణం చేయమంటే చేయలేను. తాగుడు, ఆడవాళ్లు, జూదం — మనిషిని పడదోసే శోధన అంటే ఇవని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నాను. వాటిని కాచుకుని కూర్చున్నవాణ్ణి క్యారమ్ బోర్డు ముందు దొరికిపోయాను.

ఆట ముగిశాక చేశాను. ఆయన ఫోన్ ఆపేసి ఉంది. నిద్రపోయి ఉంటాడనుకున్నాను.

మర్నాడు బాప్తిస్మానికి ఆయన రాలేదు. ముందు రాత్రి పక్క గదిలో ఎవరో నీళ్ల సీసాలో తెచ్చిన దొంగ సారా తాగాడు. అదేం కలిపిన సారాయో, తెల్లారేసరికి చూపు పోయింది. ఆసుపత్రికి నేను రెండు రోజుల తర్వాత వెళ్లాను. కిటికీ పక్క మంచం. ఎండ ఆయన ముఖం మీదే పడుతోంది.

"ఎవరు?"

"నేనే అన్నా."

"తమ్మీ, వచ్చినవా. ఈడ లైటు ఉన్నదా?"

"ఉంది."

ముఖం నా గొంతు వైపు తిప్పాడు. తర్వాత, "నీకు ఫోన్ జేసిన," అన్నాడు. "మల్ల జేసిన. నువ్వు జెయ్యకపోతివి. ప్రార్థనల ఉన్నవేమో అనుకున్న. తెల్లారితే నా బాప్తిస్మమాయె, నా కోసమే కూసున్నవేమో అని."

నిజం చెప్పడానికి అంతకన్నా వీలైన చోటు ఉండదు. గదిలో ఇంకెవరూ లేరు. ఆయన నా ముఖం కూడా చూడలేడు.

"అవునన్నా. ప్రార్థనలో ఉన్నాను."

తల ఊపాడు. "గట్లనే అనుకున్న. నువ్వాడ మోకాళ్ల మీద ఉన్నవు, నేనీడ సీస ఎత్తిన. నన్ను మాఫ్ జెయ్యి తమ్మీ."

"నేనెవర్ని అన్నా చేయడానికి?"

"నువ్వంటే నాకు నిమ్మలమైతది. అనరాదు?"

"క్షమించాను," అన్నాను.

నా చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాడు.

ఆ ఆదివారం సహవాసం పెద్ద నన్ను పిలిపించి, ఆ సాయంత్రం నీకేమైనా ఫోన్ వచ్చిందా అని అడిగారు. రాలేదన్నాను. రెండు అబద్ధాలూ ఒకదానికొకటి సరిపడవు. పక్కపక్కన పెట్టి చూసేవాళ్లుంటే దొరికిపోయేవాణ్ణి. ఎవరూ చూడలేదు. సాయం చేసే మనిషి ఉండి కూడా పిలవలేదంటే ఇంకా మారుమనసు కుదరలేదని పెద్దలు తేల్చారు. బాప్తిస్మం కొంతకాలం ఆగాలన్నారు. ఈ మాట ఆసుపత్రికి వెళ్లి చెప్పే పని కూడా నాకే ఇచ్చారు. ఫోన్ సంగతి ఎత్తకుండా చెప్పాను. "నిజమే గదా," అన్నాడు. ఫోన్ చేసిన సంగతి పెద్దలతో తనే ఎందుకు చెప్పుకోలేదో నాకు తెలుసు. నన్ను ప్రార్థనలో ఉన్నవాడిగా నమ్మాడు. నా మీద మాట రానివ్వలేదు.

కంపెనీ వీసా రద్దు చేసింది. ఊరివాడొకడు చెయ్యి పట్టుకుని విమానం ఎక్కించుకుపోయాడు. బాప్తిస్మం లేకుండానే వెళ్లాడు.

నేను ఇంకా ఆ సహవాసంలోనే ఉన్నాను. ఇప్పుడు పాటలు నేనే నడిపిస్తున్నాను. ప్రభువు బల్ల దగ్గర రొట్టె పళ్లెం వస్తుంది, తీసుకుంటాను. తీసుకోకపోతే ఎందుకని అడుగుతారు కాబట్టి తీసుకుంటాను. దేవుడు క్షమించాడా? క్షమించి ఉండవచ్చు. నాకు తెలిసే మార్గం లేదు. మల్లేశన్నకు ఫోన్ చేసి చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. వాళ్ల ఊరి కిరాణా కొట్టు నంబరు నా దగ్గరుంది. ఒకసారి చేశాను. కొట్టతను "ఎవరు గావాలె?" అన్నాడు. పెట్టేశాను.

పోయిన నెల అదే క్యాంపు మనిషి ఒకడు ఊరికి పోయి వచ్చాడు. మల్లేశన్న చనిపోయాడని చెప్పాడు. మంచాన పడి పోయాడట. చివరిదాకా మందు ముట్టలేదట. ఎవరైనా దుబాయ్ సంగతి ఎత్తితే, "మా తమ్ముడు నాకోసం ప్రార్థనల కూసున్నడు, నేనే ఆగకపోతి," అనేవాడట.

కాబట్టి నన్ను క్షమించగలిగిన మనిషి ఇక లేడు. ఉన్నప్పుడు నేను అడగలేదు. ఆయనే నన్ను అడిగాడు, నేను ఇచ్చాను కూడా.

నాకోసం ప్రార్థించమని మిమ్మల్ని అడగను. ఇది రాశాక చేతులు కొంచెం తేలికయ్యాయి, అంతే. ఇంతకుమించి తేలిక కావడానికి నాకు హక్కు లేదనుకుంటాను. సరిచేయలేని దానికి చీటీ రాయడం నా పని. ఇన్నాళ్లూ నా చీటీ మీది అంకె మాత్రం ఎవరికీ, ప్రార్థనలో కూడా, చెప్పలేదు.

ఆ సాయంత్రం నా ఫోన్‌లో మిస్డ్ కాల్స్ తొమ్మిది.